లాగితే తెగదు, కోస్తేనే విడిపోతుంది: యీస్ట్ కణంలో క్రోమోజోముల పంపకం

జనగామ, వరంగల్, కరీంనగర్ చుట్టుపక్కల తాటివనాల్లో పొద్దున్నే దించిన కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ నురగ కడుతుంది, తీపి తగ్గి ఘాటు పెరుగుతుంది, సాయంత్రానికి పులుపెక్కుతుంది. గీత పెట్టిన చోటి నుంచి, నిన్నటి కల్లు అంటుకుని ఉన్న లొట్టి గోడల నుంచి సూక్ష్మజీవులు కారుతున్న కల్లులో కలుస్తాయి. వాటిలో బ్యాక్టీరియా ఉంటుంది, యీస్టులూ ఉంటాయి. చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే యీస్టుల్లో ముఖ్యమైనది శాకరోమైసిస్ సెరివిసియే. హన్మకొండ బేకరీల్లో బ్రెడ్డు పిండిని పొంగించేదీ ఇదే జాతి. కణ విభజన గురించి మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం కూడా దీని పుణ్యమే.

ఈ కణం వెడల్పు మిల్లీమీటరులో దాదాపు రెండు వందల్లో ఒక వంతు. కేంద్రకంలో 16 క్రోమోజోములు, అన్నిట్లో కలిపి సుమారు 1 కోటీ 20 లక్షల డీఎన్ఏ అక్షరాలు, దాదాపు 6,000 జన్యువులు ఉంటాయి. మంచి ఆహారం, 30 డిగ్రీల వేడి దొరికితే సుమారు 90 నిమిషాలకు ఒకసారి మొగ్గ తొడిగి రెండు కణాలవుతుంది. అంతకుముందే 16 క్రోమోజోములకూ నకళ్లు తయారై 32 అవుతాయి. ఆ తర్వాత పంపకం. లెక్కకు చెరి 16 వస్తే చాలదు, ప్రతి జంట నుంచీ ఒకటి ఇటు, ఒకటి అటు వెళ్లాలి. మూడో నంబరు క్రోమోజోములు రెండూ తల్లి కణంలో ఉండిపోయి, ఏడో నంబరువి రెండూ పిల్ల కణంలోకి పోయాయనుకోండి. లెక్క సరిగ్గానే ఉంటుంది, కణాలు రెండూ బతకవు. ఆరోగ్యంగా ఉన్న యీస్టులో ఒక క్రోమోజోము తప్పిపోయేది దాదాపు లక్ష విభజనల్లో ఒకసారి మాత్రమే.

కళ్లు లేని కణానికి ఇంత కచ్చితత్వం ఎక్కడిది? కండె పోగులు క్రోమోజోములను రెండు కొసలకూ లాగుతాయని చెప్పి పాఠాలు సాధారణంగా అక్కడితో ఆగిపోతాయి. అది నిజమే గానీ, అసలు సంగతి అందులో లేదు. లాగుడు చాలా ముందే మొదలై ఉంటుంది. ఎంత లాగినా జంట విడిపోదు. విడిపోయే ఘడియను నిర్ణయించేది జంటను పట్టి ఉంచిన బంధాన్ని కోసే ఒక ఎంజైము. కోత పడ్డాక వెనక్కి తీసుకోవడం కుదరదు కాబట్టి, కణం తన జాగ్రత్తనంతా కోతకు ముందు ఆగడంలోనే పెట్టింది. క్రోమోజోముల పంపకాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ ఆగడాన్ని అర్థం చేసుకోవాలి.

ఈ దారి తెరిచినవాడు అమెరికా శాస్త్రవేత్త లీలండ్ హార్ట్‌వెల్. 1960ల చివర్లో, సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆయన ఎంచుకున్న పద్ధతి చూడటానికి చాలా మామూలుది. యీస్ట్ జన్యువుల్లో మార్పులు తెప్పించి, 23 డిగ్రీల దగ్గర మామూలుగా పెరుగుతూ 36 డిగ్రీల దగ్గర మాత్రం ఆగిపోయే రకాలను ఏరడం. వేడికి ఏదో ఒక ప్రోటీన్ పాడవుతుంది, దాంతో విభజన ఒక దశలో నిలిచిపోతుంది. మొగ్గ ఎంత పెద్దదైందో చూస్తే కణం ఏ దశలో ఆగిందో తెలిసిపోతుంది. (మే నెలలో వరంగల్‌లో ఏసీ లేని గదిలో పెడితే ఆ రకాలు ఇంక్యుబేటర్ అవసరం లేకుండానే ఆగిపోయేవి.) అలా దొరికిన జన్యువులకు సీడీసీ అని పేరుపెట్టి వరుస నంబర్లు ఇచ్చారు. వాటిలో 16, 20, 23 నంబర్లవి పాడైతే కణాలు సరిగ్గా కేంద్రకం సగం విడిపోవాల్సిన చోట ఆగేవి. ఎందుకు ఆగుతున్నాయో అప్పుడు ఎవరికీ అంతుపట్టలేదు. పాతికేళ్ల తర్వాత కోతకు అనుమతి ఇచ్చే యంత్రాంగంలోని భాగాలుగా ఆ మూడూ బయటపడ్డాయి. 2001లో హార్ట్‌వెల్‌కు పాల్ నర్స్, టిమ్ హంట్‌లతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. నర్స్ పనిచేసింది మరో యీస్టు మీద. తూర్పు ఆఫ్రికాలో చిరుధాన్యాలతో కాచే బీరులో మొదట దొరికిన ఆ జాతికి క్రోమోజోములు మూడే.

యీస్టుతో చిక్కు లేకపోలేదు. దాని క్రోమోజోములు మరీ చిన్నవి, మామూలు సూక్ష్మదర్శినిలో విడివిడిగా కనిపించవు. పైగా మన కణాల్లోలాగా విభజన సమయంలో కేంద్రకం పొర కరిగిపోదు, పంపకమంతా ఆ సంచీ లోపలే జరుగుతుంది. 1996లో ఒక ఉపాయం కుదిరింది. ఒక క్రోమోజోము మీద నిర్ణీత చోట పచ్చగా మెరిసే ప్రోటీన్ అంటుకునేలా చేశారు. జంట కలిసి ఉన్నంతసేపూ ఒకే చుక్క కనిపిస్తుంది, విడిపోగానే రెండు చుక్కలవుతుంది. చుక్కలు ఎప్పుడు రెండయ్యాయో నిమిషాల లెక్కన చూడగలిగాక ఈ రంగం స్వరూపమే మారిపోయింది.

యీస్టుకు ఉన్న గొప్ప వెసులుబాటు మరొకటుంది. పోగు వచ్చి పట్టుకునే చోటును సెంట్రోమియర్ అంటారు. 1980లో లూయిస్ క్లార్క్, జాన్ కార్బన్ యీస్టు మూడో క్రోమోజోము నుంచి దాన్ని విడదీశారు. ఏ జీవకణం నుంచైనా ఇలా సెంట్రోమియర్‌ను వేరుచేయడం అదే మొదలు. దాని పొడవు సుమారు 125 డీఎన్ఏ అక్షరాలే అని తేలింది. మనిషి క్రోమోజోముల్లో అదే భాగం లక్షల అక్షరాల పొడవున సాగుతుంది. ఆ చిన్న చోటు మీద పదుల కొద్దీ ప్రోటీన్లు కలిసి కైనెటోకోర్ అనే నిర్మాణం కడతాయి. దానికి వచ్చి తగులుకునేది ఒకే ఒక్క మైక్రోట్యూబ్యూల్ పోగు. మనిషి కణంలో ఒక్కో కైనెటోకోర్‌కు పదిహేను, ఇరవై పోగులు పడతాయి, కొన్ని సరిగ్గా, కొన్ని అడ్డదిడ్డంగా. యీస్టులో మాత్రం పట్టు ఉంటే ఉంది, లేకపోతే లేదు. జవాబు ఇంత తేటగా రావడం వల్లనే మన కణాల్లో చిక్కుపడి ఉన్న ప్రశ్నలు ముందుగా ఇక్కడ విడిపడ్డాయి.

ఇక బంధం సంగతి. నకలు తయారైన క్షణం నుంచి విడిపోయే క్షణం దాకా జంటలోని రెండు క్రోమోజోములు అతుక్కునే ఉంటాయి. అలా అతికి ఉండకపోతే, ఏ రెండు ఒక జంటో గుర్తుపట్టే దారి కణానికి మరొకటి లేదు. 1997లో వియన్నాలో కిమ్ నాస్మిత్ బృందం, అమెరికాలో డగ్లస్ కోష్‌లాండ్ బృందం విడివిడిగా ఈ బంధానికి కావలసిన ప్రోటీన్‌ను కనుక్కున్నాయి. అది కొహెసిన్ అనే సముదాయంలో ఒక భాగం. ఎస్‌ఎంసీ1, ఎస్‌ఎంసీ3, ఎస్‌సీసీ1 అనే మూడు భాగాలు కొసలు కలుపుకుని ఒక వలయంగా ఏర్పడతాయి, నాలుగోది దానికి తోడుంటుంది. రెండు డీఎన్ఏ దారాలూ ఆ వలయం లోపలే చిక్కుకుని ఉంటాయన్నది నాస్మిత్ బృందం తర్వాత ప్రతిపాదించి, ప్రయోగాలతో బలపరిచిన వివరణ. డీఎన్ఏ నకలు అవుతున్నప్పుడే ఎకో1 అనే ఎంజైము వలయం మీద చిన్న రసాయన ముద్ర వేస్తుంది. ఆ ముద్ర పడ్డాక వలయం దానంతట అది తెరుచుకోదు.

దాన్ని తెరిచేది సెపరేస్. 1999లో ఫ్రాంక్ ఉల్మాన్, నాస్మిత్, మరో సహచరుడు కలిసి ప్రచురించిన పరిశోధనలో, జంటలు విడిపోయే సమయానికి ఎస్‌సీసీ1 ప్రోటీన్ ముక్కలవుతోందని తేలింది. కోత దాని మీద రెండు నిర్ణీత స్థానాల్లోనే పడుతుంది. ఆ స్థానాలను మార్చి కోత పడకుండా చేస్తే జంటలు విడిపోలేదు.

అయితే దీంతో ఒక సందేహం తీరలేదు. కోత ఒక్కటే చాలా, లేక ఆ సమయానికి లాగుడు కూడా కొత్తగా మొదలవ్వాలా? మరుసటి ఏడు, 2000లో, అదే బృందం చేసిన ప్రయోగం ఈ కథ మొత్తంలో అత్యంత అందమైనది. పొగాకు మొక్కకు సోకే ఒక వైరస్‌లో ప్రోటీన్లను కోసే ఎంజైము ఒకటుంది. యీస్టుకు దానితో ఏ సంబంధమూ లేదు. ఎస్‌సీసీ1లో సెపరేస్ కోసే ఒక చోటును తీసి, ఈ వైరస్ ఎంజైము కోయగల చోటును పెట్టారు. సీడీసీ20 లేకుండా చేసి కణాలను విడిపోయే ముందరి దశలో ఆపేశారు. అప్పుడు కణం లోపల వైరస్ ఎంజైము తయారయ్యేలా చేశారు. కణం తన అనుమతి ఇవ్వలేదు, తన సెపరేస్‌ను విడుదల చేయలేదు. అయినా జంటలు విడిపోయాయి, రెండు కొసలకూ జరిగిపోయాయి. పోగులు అప్పటికే లాగుతున్నాయని, వలయం తెగితే చాలని దీంతో తేలిపోయింది. తెగేదాకా లాగొద్దని మనవాళ్లంటారు. ఈ కణంలో లాగుడు వల్ల ఏదీ తెగదు, అది కోత కోసం కాచుకుని ఉంటుంది, అంతే.

మరి సెపరేస్‌ను అప్పటిదాకా ఆపేది ఎవరు? సెక్యూరిన్ అనే ప్రోటీన్. మొగ్గ తొడిగే యీస్టులో దాని పేరు పీడీఎస్1. అది సెపరేస్‌ను గట్టిగా పట్టుకుని కోయనివ్వకుండా ఉంచుతుంది. కోతకు వేళయినప్పుడు ఏపీసీ అనే పెద్ద ప్రోటీన్ సముదాయం సీడీసీ20 సాయంతో సెక్యూరిన్‌కు యుబిక్విటిన్ గుర్తులు తగిలిస్తుంది. ఆ గుర్తు పడ్డ ప్రోటీన్‌ను కణంలోని ప్రోటియసోమ్ నమిలేస్తుంది. హార్ట్‌వెల్ ఏరిన సీడీసీ16, సీడీసీ23 ఈ ఏపీసీలో భాగాలే. వాటిలో ఏది పాడైనా సెక్యూరిన్ చావదు, సెపరేస్ విడుదల కాదు, కణం అక్కడే నిలబడిపోతుంది. పాతికేళ్ల నాటి ప్రశ్నకు జవాబు అదీ.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాల్సిన తెలివి ఉంది. కణంలో చాలా నిర్ణయాలు ఒక ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలించడం, తీసేయడం అనే పద్ధతిలో నడుస్తాయి, అవి అటూ ఇటూ మారగలవు. విడిపోవడం అనే నిర్ణయానికి మాత్రం రెండు విధ్వంసాలను వరుసగా పెట్టింది కణం. సెక్యూరిన్ నాశనం కావాలి, ఆ తర్వాత కొహెసిన్ తెగాలి. రెండూ వెనక్కి తిరగనివే. పైగా ఒకసారి మొదలైతే వేగం తనంతట తానే పెరుగుతుంది. విడుదలైన సెపరేస్ వల్ల సీడీసీ14 అనే మరో ఎంజైము మేలుకుంటుంది, అది మిగిలిన సెక్యూరిన్ ఇంకా త్వరగా నాశనమయ్యేలా చేస్తుంది. ఈ సంగతి 2008లో తేలింది. 16 జంటలూ ఒకదాని తర్వాత ఒకటి నింపాదిగా కాకుండా ఇంచుమించు ఒక్కసారే విడిపోవడం వెనక ఉన్నది ఇదే.

ఇప్పుడు అసలైన కష్టం. కోతకు వేళయిందని తెలిసేది ఎలా? 32 కైనెటోకోర్లకూ పోగులు తగులుకోవాలి. తగులుకున్నా చాలదు, జంటలో ఒకటి ఈ కొసకు, రెండోది ఆ కొసకు తగులుకోవాలి. రెండూ ఒకే కొస నుంచి వచ్చిన పోగులను పట్టుకుంటే, కోత పడ్డాక రెండూ అటే పోతాయి. ఇలాంటి తప్పుడు పట్టు యీస్టులో అరుదేమీ కాదు, మొదట్లో చాలా జంటలకు జరిగేదే. దాన్ని దిద్దుకునే పద్ధతి గాలివాటం ప్రయత్నాల మీద ఆధారపడి ఉంటుంది. తప్పుడు పట్టును వదిలించి మళ్లీ పట్టుకోనివ్వడం, సరైన పట్టు దొరికేదాకా అలా చేస్తూ పోవడం. కానీ ఏది సరైనదో, ఏది తప్పుడుదో తేల్చాలి కదా. తేల్చేది బిగువు (టెన్షన్). రెండు వైపుల నుంచీ లాగినప్పుడు, మధ్యలో కొహెసిన్ పట్టి ఉంచినప్పుడు, జంట బిగుసుకుంటుంది. ఒకే వైపు నుంచి లాగితే రెండూ కలిసి అటు జరుగుతాయి తప్ప బిగువు రాదు.

తాడెక్కే గౌడన్న మోకు పనితీరు దీనికి చాలా దగ్గర. ఒంటిని వెనక్కి వాల్చినంతసేపూ మోకు బిగుసుకుని చెట్టును పట్టి ఉంటుంది, మనిషిని మోస్తుంది. పైకి జరపాలంటే ఒంటిని చెట్టు వైపు తెచ్చి వదులు చేస్తే చాలు, తేలిగ్గా జరుగుతుంది. బిగువు ఉన్నచోట పట్టు, వదులైనచోట కదలిక. కైనెటోకోర్ దగ్గర ఆ వదులును పట్టించుకునే ఎంజైము ఐపీఎల్1, మన కణాల్లో దీని చుట్టాన్ని అరోరా బీ అంటారు. బిగువు లేని పట్ల మీద అది ఫాస్ఫేట్లు తగిలించి వాటిని వదిలిస్తుంది. బిగువున్నవి దాని చేతికి అందవు.

ఈ ఆలోచనకు పునాది వేసింది యీస్టు కాదు, మిడత. 1969లో బ్రూస్ నిక్లాస్, కరోల్ కోచ్ మిడత కణాల్లో తప్పుగా పట్టుబడ్డ క్రోమోజోమును సన్నని గాజు సూదితో లాగి పట్టుకున్నారు. అలా లాగి ఉంచినంతసేపూ తప్పుడు పట్టు కూడా నిలిచి ఉంది. అంటే కణం గుర్తించేది దిక్కును కాదు, బిగువును. నలభై ఏళ్ల తర్వాత, 2010లో, సియాటిల్‌లో స్యూ బిగ్గిన్స్, చిప్ ఆస్బరీల బృందాలు యీస్టు నుంచి కైనెటోకోర్లను విడదీసి, గాజు పలక మీద పోగులకు తగిలించి, లేజర్ కిరణంతో లాగి చూశాయి. కొద్దిపాటి బలంతో లాగినప్పుడు పట్టు వదలడం తగ్గి, ఇంకా ఎక్కువసేపు నిలిచింది. ఐపీఎల్1 సాయం లేకుండానే, ఆ నిర్మాణంలోనే, బిగువుకు పట్టు పెంచుకునే గుణం ఉందన్నమాట.

పట్టు వదిలిన కైనెటోకోర్ ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీయే కణాన్ని ఆపే సంకేతం. దీన్ని కనుక్కున్న తీరు ఉత్తర తెలంగాణ రైతుకు దగ్గరి సంగతి. 1991లో రెండు బృందాలు, కాలిఫోర్నియాలో రాంగ్ లీ, ఆండ్రూ మర్రే, జాన్స్ హాప్కిన్స్‌లో ఆండ్రూ హోయ్ట్ బృందం, ఒకే పత్రిక ఒకే సంచికలో తమ ఫలితాలు అచ్చువేశాయి. రెండూ వాడింది బెనోమిల్ అనే శిలీంద్రనాశిని. అది నీటిలో విడిపోయి కార్బండజిమ్ అవుతుంది. వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు మిరపలో కాయకుళ్లుకు, వరి విత్తనశుద్ధికి రైతులు కొనే ‘బావిస్టిన్’ పొడిలో ఉన్నది ఈ కార్బండజిమ్. ఇది శిలీంద్రాల ట్యూబ్యులిన్ ప్రోటీన్‌కు అంటుకుని పోగులు పెరగకుండా చేస్తుంది. యీస్టూ శిలీంద్రమే కాబట్టి దాని పోగులూ దెబ్బతింటాయి. మామూలు యీస్టు కొద్దిపాటి బెనోమిల్ పడితే ఆగుతుంది, పోగులు మళ్లీ కుదురుకునేదాకా చూస్తుంది, తర్వాత విడిపోయి బతుకుతుంది. కొన్ని మార్పు రకాలు మాత్రం ఆగవు. పోగులు తగులుకోకుండానే ముందుకు పోయి, క్రోమోజోములను అస్తవ్యస్తంగా పంచుకుని చస్తాయి. వాటిలో పాడైన జన్యువులకు మ్యాడ్ 1, 2, 3 అని ఒక బృందం, బబ్ 1, 2, 3 అని మరొకటి పేర్లు పెట్టాయి. మందును తట్టుకోలేని కణాలను ఏరడంతోనే కణం ఆగడానికి కావలసిన సరంజామా అంతా చేతికి చిక్కింది.

ఆగే తీరు ఇది. ఎంపీఎస్1 అనే ఎంజైము ఖాళీ కైనెటోకోర్‌ను గుర్తించి పని మొదలుపెడుతుంది. మ్యాడ్1 అక్కడ చేరి మ్యాడ్2ను పిలుస్తుంది. మ్యాడ్2కు రెండు రూపాలున్నాయి, తెరుచుకున్నది, మూసుకున్నది. ఖాళీ కైనెటోకోర్ దగ్గర అది మూసుకున్న రూపానికి మారి సీడీసీ20ని చుట్టి పట్టుకుంటుంది. మ్యాడ్3, బబ్3 వచ్చి కలుస్తాయి. ఈ కూటమి కేంద్రకమంతా తిరిగి ఏపీసీని అడ్డుకుంటుంది. సెక్యూరిన్ క్షేమం, సెపరేస్ బందీ. ఒక్క కైనెటోకోర్ ఖాళీగా ఉన్నా చాలు, మిగతా అన్నీ సిద్ధంగా ఉన్నా కణం కదలదు. 1995లో కాన్లీ రీడర్ బృందం పొటరూ అనే చిన్న కంగారూ జాతి జంతువు కణాల్లో ఆ ఆఖరి ఖాళీ కైనెటోకోర్‌ను లేజర్‌తో కాల్చేసింది. కాసేపటికే కణం మిగతా జంటలను విడదీసుకుంది. తప్పు సరిదిద్దలేదు, ఫిర్యాదు చేసే నోరు మూయించారు, అంతే. ఈ ప్రయోగం మనకు చెప్పేదేమంటే కణం సిద్ధంగా ఉన్నవాటిని లెక్కపెట్టదు, సిద్ధంగా లేనిదాని మాట వింటుంది. పదహారు సరిగ్గా ఉన్నాయని తేల్చడం కన్నా ఒక్కటి సరిగ్గా లేదని తెలుసుకోవడం రసాయనానికి తేలిక.

కార్బండజిమ్ ప్రసక్తి వచ్చింది కాబట్టి ఒక మాట. ఒకే మందును సీజనంతా కొడితే పొలంలో శిలీంద్రాలు దానికి లొంగకుండా పోతాయని వ్యవసాయ శాస్త్రవేత్తలు హెచ్చరించడానికి కారణం ఇక్కడే ఉంది. ట్యూబ్యులిన్‌లో 198వ స్థానంలోనో, 200వ స్థానంలోనో ఒక్క అమైనో ఆమ్లం మారితే మందుకు అంటుకునే చోటు దొరకదు. అంత చిన్న మార్పు ప్రకృతిలో తేలిగ్గా వస్తుంది, మందు కొట్టిన ప్రతిసారీ ఆ మార్పున్నవే మిగులుతాయి. మోతాదు పెంచడం దీనికి మందు కాదు, వేరే తరహా మందు మార్చి కొట్టడమే దారి. ఏటా జాతీయ నులిపురుగుల నివారణ దినాన బడిపిల్లలు నమిలే ఆల్బెండజోల్ మాత్ర కూడా ఈ రసాయన కుటుంబానిదే. అది పురుగుల ట్యూబ్యులిన్‌ను పట్టుకుంటుంది, మన ట్యూబ్యులిన్ మీద దాని పట్టు చాలా తక్కువ.

బబ్2 సంగతి మాత్రం తర్వాత వేరుగా తేలింది. మొగ్గ తొడిగే యీస్టులో పిల్ల కణం ఎక్కడ వస్తుందో విభజనకు చాలా ముందే ఖాయమవుతుంది కాబట్టి, కండె కచ్చితంగా మొగ్గ మెడలోంచి దూరాలి. దూరకుండా తల్లి కణంలోనే రెండు కేంద్రకాలు ఏర్పడితే, విభజన ముగియకుండా ఆపే మరో చెక్‌పాయింట్, అంటే ఆగి చూసుకునే ఏర్పాటు, ఉంది. బబ్2 దానిలో పనిచేస్తుంది.

యీస్టు నేర్పిన పాఠం మన ఇళ్లలోకి నేరుగా వచ్చేది పిల్లల విషయంలో. అండం తయారయ్యే క్షయకరణ విభజనలో కొహెసిన్ రెండు విడతలుగా తెగాలి. మొదటి విడతలో సెంట్రోమియర్ దగ్గరిది తెగకూడదు. 2004లో యోషినోరి వతనబే బృందం ఆఫ్రికా బీరు యీస్టులోనే ఆ కాపుదల చేసే ప్రోటీన్‌ను కనుక్కుంది. కాపాడే ఆత్మ అనే అర్థమొచ్చేలా జపనీస్‌లో దానికి షుగోషిన్ అని పేరుపెట్టింది. మనుషుల్లో ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలు ఈ విభజన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతాయి. ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ల తర్వాత అండం విడుదలయ్యేటప్పుడు ఆ విభజన మళ్లీ సాగుతుంది. అన్నేళ్లూ జంటను పట్టి ఉంచాల్సింది పుట్టకముందు తొడిగిన కొహెసిన్ వలయాలే. వాటిని అండం కొత్తగా మార్చుకోదని 2010లో ఎలుకల్లో చేసిన పరిశోధనలు చూపించాయి. వయసుతో వలయాలు తగ్గితే జంటలు వేళకు ముందే జారిపోవచ్చు. 21వ క్రోమోజోము ఒకటి ఎక్కువ రావడమే డౌన్ సిండ్రోమ్ అని 1959లో జెరోమ్ లెజూన్ బృందం ప్రకటించింది. తల్లి వయసు 25 ఉన్నప్పుడు దాని అవకాశం సుమారు 1,250 కాన్పుల్లో ఒకటి, 40 వచ్చేసరికి సుమారు 100లో ఒకటి. అలాంటి బిడ్డ పుడితే తల్లి ఏం తిన్నదో, గ్రహణంలో బయటికి వచ్చిందో అని ఆరాలు తీసే బంధువులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఆమె చేసిన పనికీ దీనికీ సంబంధం లేదు. తను పుట్టకముందే తన అండాల్లో ఏర్పడ్డ ప్రోటీన్ అరిగిపోవడానికి ఏ తల్లినీ నిందించడం న్యాయం కాదు, ఈ మాట డాక్టర్లు కుటుంబం మొత్తాన్నీ కూర్చోబెట్టి చెప్పాలి.

క్యాన్సర్ కణాల్లో క్రోమోజోముల లెక్క తప్పి ఉండటాన్ని 1914లోనే థియోడోర్ బోవెరి క్యాన్సర్‌కు కారణంగా అనుమానించాడు. చికిత్సలో వాడే పాత మందులు కొన్ని ఈ ఆగే యంత్రాంగం మీదే పనిచేస్తాయి. మన పెరళ్లలో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టీన్ ట్యూబ్యులిన్‌ను పట్టుకుని పోగులను కుదరనివ్వదు. పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో అది ముఖ్యమైన మందు. కణం ఆగుతుంది, ఎక్కువసేపు ఆగినవి చాలావరకు చస్తాయి. కొన్ని మాత్రం జారుకుంటాయి. చెక్‌పాయింట్ గట్టిగా ఉన్నా ఏపీసీ ఎంతో కొంత పనిచేస్తూనే ఉంటుంది, సైక్లిన్ అనే ప్రోటీన్ మెల్లగా తరుగుతుంది, చివరికి కణం పంపకం పూర్తికాకుండానే విభజన నుంచి బయటపడుతుంది. ఏ కణం చస్తుంది, ఏది జారుకుంటుంది అన్నదాన్ని ముందే చెప్పగలిగితే మందు ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవడం తేలికవుతుంది. పరిశోధన ఇప్పుడు అటు నడుస్తోంది.

మన కాలేజీ ల్యాబుల్లో కణ విభజన అంటే ఉల్లి వేరు కొనను రంగువేసి నలిపి చూడటమే. దశలు చక్కగా కనిపిస్తాయి గానీ, ఆ స్లయిడులో నియంత్రణ కనిపించదు, ఎందుకంటే కణాలన్నీ చచ్చినవే. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ డిగ్రీ కాలేజీల్లో దానికి తోడుగా యీస్టు ప్రయోగం పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. బేకరీ యీస్టు, పంచదార, యీస్ట్ ఎక్స్‌ట్రాక్టు, నలభై రెట్ల కటకం ఉన్న సూక్ష్మదర్శిని చాలు. కార్బండజిమ్ నీటిలో సరిగా కరగదు కాబట్టి దాన్ని ముందుగా డీఎంఎస్ఓ లాంటి ద్రావకంలో కలిపి, టీచరు దగ్గరుండి చేతికి తొడుగులతో వాడించాలి. ఒక గొట్టంలో మందు, ఇంకో గొట్టంలో వట్టి ద్రావకం. రెండు మూడు గంటల తర్వాత రెండింటి నుంచీ చుక్క తీసి, మొగ్గ లేనివి, చిన్న మొగ్గవి, తల్లికి దాదాపు సమానమైన పెద్ద మొగ్గవి విడివిడిగా లెక్కపెట్టాలి. మందు సరిపడా పడితే మూడో రకం పెరుగుతుంది, అవి ఖాళీ కైనెటోకోర్ మాట విని ఆగిన కణాలు. తర్వాత మందును కడిగేసి తాజా ఆహారంలో వేస్తే, ఆ ఆగినవాటిలో ఎన్ని తిరిగి విభజన సాగించాయో అదే పట్టికలో పక్క గడిలో రాసుకోవచ్చు.